రేడియో కోటుకి పది క్లిప్పులు

ఆ వీధిలో జుట్టు పెరిగిన ప్రతివాడికీ రెండు దారులుండేవి. ఎదురుగా కొత్తగా వెలిసిన ఏసీ సెలూన్లో పావుగంటలో పని ముగించుకుని బయటపడడం ఒకటి. రేడియో షాపులో కూర్చుని గంటన్నర సేపు అతను చెప్పింది వినడం రెండోది. రెండో దారిలో క్రాపు కూడా అయ్యేది గాని, అది కొసరు.

అతని అసలు పేరు షాపు బోర్డు మీదే ఉంది. దాని మీద పావురాలు కాపురం పెట్టి ఎన్నో ఏళ్ళయింది కాబట్టి ఎవరూ చదవలేరు. అందరూ రేడియో అనేవాళ్ళు. నిజానికి ఆ పేరు రేడియోలకే అవమానం, వాటికి ఆపే మీట ఉంటుంది. గడ్డం గీసేటప్పుడైతే రేడియోకి ఇక ఎదురే లేదు. గొంతు మీద కత్తి ఉన్నవాడు ఎవడూ మధ్యలో అడ్డు తగలడు. దాన్ని రేడియో శ్రద్ధగా వినడం అనుకునేవాడు.

ఒక్క రిటైరైన పోస్టుమాస్టరు మాత్రం కత్తి కిందే వాదించేవాడు. ఇద్దరికీ పదిహేనేళ్ళ నుంచి ఒకటే తగువు. మార్కెట్ కూడలిలో ఉన్న గడియారం నాలుగూ ఇరవై దగ్గర ఆగిపోయింది. ఎప్పుడాగింది? వరదలొచ్చిన ఏడాది అని రేడియో. కాదు, ఆ మరుసటి ఏడాది అని పోస్టుమాస్టరు. గడియారం బాగుచేయిద్దామని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. బాగైతే మళ్ళీ తగువుకి ఏదీ?

రేడియోకి పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. భార్య నోట్లో నాలుక లేని మనిషని అందరితో గొప్పగా చెప్పుకునేవాడు. చెబుతున్నప్పుడు ఆవిడ పక్కనే నిలబడి ఏదో అనబోతూ ఉండేది.

అలాంటి రేడియోకి ఆ ఏడాది మొదట్లోనే గొంతు బొంగురుపోయింది. దుమ్మన్నాడు, పౌడరన్నాడు, చివరికి ఎదుటి షాపు ఏసీ గాలి మీదకి నెట్టాడు. రెండో నెలకి మాట సగం గాలిగా వస్తుంటే భార్య చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, రోజుకి ఎంతసేపు మాట్లాడతావయ్యా అని అడిగాడు. రేడియో ఆ ప్రశ్నకి జవాబు మొదలుపెట్టాడు. ఏడు నిమిషాలయ్యాక డాక్టరు, చాలు, అర్థమైందన్నాడు.

గొంతులో కాయ ఉంది. కోశారు. కోసిన ముక్కని పరీక్షకి పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా గడిచిన వారం గురించి రేడియో ఇప్పటికీ జోకులు వెయ్యడు. రోజూ మధ్యాహ్నం ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చునేవాళ్ళు. అతను మాట్లాడకూడదు. పక్కన కూర్చున్న భార్య ఒక రోజు ఏమనుకుందో ఏమో, అతని కథే అతనికి చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంటూ పెళ్ళి ఊరేగింపులో దూరిపోయిన కథ. అతను చెబితే ముప్పావుగంట. ఆవిడ ఐదు నిమిషాల్లో ముగించింది. ఆ కథకి చివర ఒకటి ఉందని రేడియోకే అప్పుడు గుర్తొచ్చింది. చప్పుడు లేకుండా నవ్వాడు. భుజాలు మాత్రం ఎగిరాయి.

భయపడాల్సిందేమీ లేదని ఫలితం వచ్చింది. కానీ కాయ మళ్ళీ పెరిగింది, మళ్ళీ కోశారు. ఈసారి డాక్టరు ఏడు నెలలు నోరు విప్పొద్దన్నాడు. గుసగుస కూడా వద్దు, గుసగుస ఇంకా చెడ్డదన్నాడు.

రేడియో పలక కొన్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు. క్షవరం కుర్చీలో కూర్చున్నవాడు కళ్ళజోడు తీసి అద్దం ముందు పెడతాడు. వాడికి అక్షరాలేమిటి, పలకే కనబడదు. కళ్ళజోడు లేనివాళ్ళకి కనబడుతుంది గాని, అద్దంలో తిరగబడి. దాంతో రేడియో పట్టుదలగా రెండు వారాలు కూర్చుని అక్షరాలు తిరగేసి రాయడం నేర్చుకున్నాడు. మూడో వారం తొలిరోజున పలక నిండా తిరగేసి ఒక పెద్ద కబురు రాసి, కాలేజీ లెక్చరరు తల వెనక పట్టుకున్నాడు. లెక్చరరు మర్యాదస్తుడు. అద్దంలో చదవడమెందుకని నేరుగా వెనక్కి తిరిగాడు. కత్తెర తన పని తాను చేసుకుపోయింది. ఆయన నెలన్నర పాటు క్లాసుకి ఎడమ పక్క మాత్రమే కనబడేలా నిలబడి పాఠం చెప్పాడు.

తర్వాత జనం ఒక్కొక్కరే వీధి దాటారు. మాటలు లేనప్పుడు ఉక్కపోతెందుకు, ఏసీయే నయమని. ఒక రోజు పోస్టుమాస్టరు కూడా సగం గడ్డంతో లేచాడు. గడియారం మరుసటి ఏడాదే ఆగిందని మూడుసార్లు అన్నాడట, ఎదురు చెప్పేవాడే లేడు. ఇలా గెలవడంలో మజా ఏముంది అంటూ మెడ దగ్గరి గుడ్డ విప్పుకుంటున్నాడు.

అన్నం క్యారియరు తెచ్చిన రేడియో భార్య అప్పుడే గుమ్మంలో నిలబడి ఉంది.

"కూర్చోండి మాస్టారూ," అంది. "ఆయనైతే ఏమనేవారో నేను చెబుతా."

చెప్పింది. వరదనీళ్ళు కూడలిదాకా రావడం, గడియారం స్తంభం ఊగడం, ముల్లు నాలుగూ ఇరవై దగ్గర వణికి ఆగడం, అన్నీ. రేడియో చేతులు ఎలా తిప్పుతాడో అలాగే తిప్పింది. పోస్టుమాస్టరు ఆనందంగా కూర్చుని తిట్టడం మొదలుపెట్టాడు. మిగతా సగం గడ్డం కూడా అయింది.

మర్నాటి నుంచి ఆవిడ క్యారియరుతో వచ్చి, వాష్ బేసిన్ పక్క స్టూలు మీద కూర్చునేది. మొగుడి కథలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు, ఇరవై రెండేళ్ళు విన్నది మరి. కాకపోతే ఆవిడ చెబితే కథలో మొదలు మొదట్లో ఉండేది, చివర చివర్లో ఉండేది. మధ్యలో జనం నవ్వేవాళ్ళు. రెండు నెలల్లో వీధి దాటి వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చారు. కొందరు గడ్డం పెరగకుండానే వచ్చారు. ఎదుటి సెలూన్ అతను కూడా ఒక మధ్యాహ్నం వచ్చి, క్రాపు పేరు చెప్పి గంట కూర్చుని వెళ్ళాడు.

రేడియోకి సంతోషమా అంటే సంతోషమే. ఏడుపా అంటే ఏడుపే. తన కథకి పక్కమనిషి చప్పట్లు కొట్టించుకుంటుంటే వెనక నిలబడి కత్తెర ఆడించడం ఎంత కష్టమో ఎవడికి తెలుస్తుంది? ఆవిడ ఎక్కడైనా వివరం మారిస్తే దువ్వెనతో బల్ల మీద టపటపా కొట్టేవాడు. ఒక రోజైతే ఆవిడ ఎవరికీ చెప్పకూడని కథ కూడా చెప్పేసింది. పెళ్ళికొడుక్కి పొరపాటున ఒక పక్క మీసం గీసేసి, ఇదే ఇప్పటి ఫ్యాషనని మొగుడు నమ్మించిన కథ. ఆ రోజు దువ్వెన విరిగింది.

ఈ షాపుకి నెలకి రెండుసార్లు బీమా ఏజెంటొకాయన వచ్చేవాడు. ఎక్కడో మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చాక అందరినీ బ్రదర్ అనడం మొదలుపెట్టాడు. కష్టాన్ని కావలించుకో బ్రదర్, మౌనానికి థాంక్స్ చెప్పు బ్రదర్, నువ్వు లోపల్నుంచి ఎదుగుతున్నావు బ్రదర్ అనేవాడు. లోపల్నుంచి ఎదిగిందాన్నే కదయ్యా రెండుసార్లు కోశారు, అని రేడియో మనసులో అనుకునేవాడు. ఏజెంటుకి ఆ ఏడాది వచ్చిన పెద్ద కష్టం స్కూటరు అద్దం పగలడం. దాన్నుంచి ఆయన పదకొండు పాఠాలు నేర్చుకున్నాడు. పదకొండూ అందరికీ వచ్చు.

నవంబరు ఆఖర్న డాక్టరు మళ్ళీ లైటు వేసి చూసి, తల ఊపాడు. డిసెంబరంతా రోజుకి పది మాటలన్నాడు. ఇవాళ మిగిలినవి రేపటికి కలపకూడదు. జనవరి నుంచి మామూలుగా మాట్లాడుకోవచ్చు.

"మామూలంటే నీ మామూలు కాదు," అన్నాడు. "మనుషుల మామూలు."

లెక్క తప్పకుండా భార్య ఒక ఏర్పాటు చేసింది. పొడుగు జుట్టుని పక్కకి పట్టి ఉంచే రేకు క్లిప్పులు షాపులో ఉంటాయి. రోజూ పొద్దున్నే అవి పది అతని తెల్లకోటు జేబుకి వరసగా తగిలించేది. మాటకొకటి తీసి గాజు గ్లాసులో వేసేది. టింగుమనేది. పలకను పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. ఏడు నెలలు పలకతో కాపురం చేశాను చాలు, ఇక ఏదన్నా ఉంటే నోటితోనే చెప్పండి అంది.

మొదటి పొద్దు. ఆవిడ కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా నిలబడింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ అతని మొహంకేసి చూస్తోంది. ఏడు నెలల తర్వాత మొదటి మాట కదా. రేడియోకీ తెలుసు. గొంతు సవరించుకున్నాడు.

"ఫ్యాన్ ఎందుకేశావ్? కరెంటు ఊరికే వస్తోందా? ఆపు. కాఫీలో చక్కెరేది? ఏంటలా చూస్తున్నావ్?"

పది. ఆరున్నర కూడా కాలేదు, కోటు బోడిగా నిలబడింది.

"బాగుంది," అంది భార్య. "గొంతు ఏం మారలేదు."

తర్వాత గ్లాసులో క్లిప్పులు కడుగుతూ, వీపు ఇటు పెట్టి, మిగతా సంగతి చెప్పింది. వాళ్ళ అక్కకి నాలుగు వీధుల అవతల బట్టల కొట్టుంది. వచ్చినవాళ్ళతో ఓపిగ్గా మాట్లాడే మనిషి కావాలంటోంది. జనవరి నుంచి రమ్మంటోంది. డిసెంబరు ఆఖరి ఆదివారం సాయంత్రానికి అవునో కాదో చెప్పాలి. మీ నోరు మీకొచ్చేసింది కదా, ఇంక షాపులో నాతో పనేముంది అంది. అని ఆగింది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. జవాబివ్వడానికి రేడియో దగ్గర ఒక్క క్లిప్పు లేదు.

ఆ రోజు కత్తెర పట్టుకుని నిలబడ్డాక గాని అతనికి అర్థం కాలేదు, ఆ స్టూలు ఖాళీగా ఉంటే షాపు ఎలా ఉంటుందో. ఎదుటి సెలూన్ భయం కాదు. గొంతు తిరిగొచ్చాక జనాన్ని తనే లాగగలడు, ఆ ధీమాకేం లోటు లేదు. కానీ ఈ మధ్య అతను పొద్దున్నే షాపు తాళం తీస్తూ, ఇవాళ ఈవిడ ఏం చెబుతుందో అనుకోవడం మొదలుపెట్టాడు. ఇంకొకరు ఏం చెబుతారో అని ఎదురుచూడడం అతని జన్మలో లేదు. వద్దు, వెళ్ళొద్దు, నాకు నువ్వు ఇక్కడే కావాలి అని చెప్పాలి. ఎంత, ఆరు మాటలు.

అయితే ఆ ఆరు రోజూ ఎక్కడో ఖర్చయిపోయేవి. ఒక రోజు కూరగాయల బండివాడితో. ఒక రోజు క్రాపు పొట్టిగా చెయ్యమని పొడుగైందన్న గుమాస్తాతో. ఒక రోజైతే తుమ్మి, ఆ తర్వాత తుమ్ము గురించి వ్యాఖ్యానించి. పది మాటలు చాలకపోవడం వల్లే అని మీరు జాలిపడితే అది మీ మంచితనం. రోజుకి పదివేలు ఉన్న కాలంలోనూ అతను ఆ ఆరూ అనలేదు. ఆ సంగతి రేడియోకీ తెలుసు. అందుకే క్లిప్పులు అయిపోయిన సాయంత్రాల్లో అతని మొహంలో బాధతో పాటు కాస్త నిశ్చింత కూడా కనబడేది.

ఇంతలో బీమా ఏజెంటు ఆ ఆఖరి ఆదివారమే స్కూలు హాల్లో సభ పెట్టాడు. కష్టకాలానికి కృతజ్ఞతలు అని బ్యానరు. రేడియో ముఖ్య అతిథి. పది మాటల ప్రసంగం అని కరపత్రాల్లో కూడా వేయించాడు. ఆ పది మాటలూ తనే రాసి, కార్డు మీద అందంగా ప్రింటు తీయించి ఇచ్చాడు: కష్టమే నా గురువు, మౌనమే నా బలం, కృతజ్ఞుణ్ణి, మీ అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున్న రేడియో ఒట్టు పెట్టుకున్నాడు. సభలో కార్డులోంచి నాలుగు మాటలతో ఏడుపేదో ఏడవాలి, అక్క వచ్చేలోపు భార్యకి ఆ ఆరూ చెప్పాలి, అందాకా నోరు తెరిచేది లేదు. పన్నెండుదాకా ఒక్క క్లిప్పు కదల్లేదు. స్టూలు మీద భార్య కూడా ఆ రోజు తక్కువే మాట్లాడింది. మాటిమాటికీ అతని జేబుకేసి చూస్తోంది.

అప్పుడొచ్చాడు పోస్టుమాస్టరు. సభకి నున్నగా గీయించుకుని వెళ్ళాలట. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, తాపీగా అన్నాడు:

"ఏమోయ్, నిన్న ఆలోచించాను. నువ్వు ఆ వరద నాడు అసలు ఊళ్ళోనే లేవు. ఎవడో చెప్పింది విని నీదని చెప్పుకుంటున్నావు."

రేడియో నురగ పూశాడు. పళ్ళు బిగించాడు. కత్తి ఒకసారి గీశాడు. మొహం కందగడ్డయింది.

"పాపం, వయసు మీదపడుతోంది కదా," అన్నాడు పోస్టుమాస్టరు.

"వరదలొచ్చిన ఏడాదే ఆగింది మాస్టారూ. నేనే కళ్ళారా చూశాను."

భార్య స్టూలు మీంచి లేచి వచ్చింది. టింగ్. టింగ్. తొందరేమీ లేదు ఆవిడకి. ఏడు తీసింది. జేబుకి మూడు మిగిలాయి. ఆవిడ అతని మొహంలోకి చూడకుండా గ్లాసు అరలో పెట్టి, క్యారియరు సర్దుకుని, నేను అక్కతో కలిసి హాలుకి వెళతాను, మీరు వచ్చెయ్యండి అని వెళ్ళిపోయింది. పోస్టుమాస్టరు మాత్రం తృప్తిగా ఉన్నాడు. ఎనిమిది నెలల తర్వాత అసలు మనిషి చేత అనిపించాడు.

హాలు నిండింది. ఒకాయన ఫ్రిజ్ చెడిపోవడం వల్ల తనకి కలిగిన ఆత్మజ్ఞానం గురించి చెప్పాడు. ఒకావిడ ఈ ఏడాది తనకి సహనం నేర్పిన కోడలికి ధన్యవాదాలు చెప్పింది. ముందు వరసలో కోడలు చప్పట్లు కొట్టలేదు. ఏజెంటు స్కూటరు అద్దం పాఠాల్లో తొమ్మిదోదాకా వచ్చి, రేడియో జేబుకేసి చూసి కంగారుపడ్డాడు. పక్కకి పిలిచి కార్డు లాక్కుని గబగబా కొట్టేసి, మొదటి ముక్క మిగిల్చాడు. కష్టమే నా గురువు, సరిగ్గా మూడు, దేవుడున్నాడు బ్రదర్ అన్నాడు.

రేడియో మైకు ముందుకి వచ్చాడు. జన్మలో మొదటిసారి అతని ముందు మైకు, వెనక గోడ, ఎదురుగా మూడు వందల మంది, ఒక్కడి మెడకీ గుడ్డ లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచిపోగలరు.

రెండో వరసలో భార్య, ఆవిడ పక్కన అక్క. అక్క అప్పుడే ఏదో అడిగినట్టుంది. భార్య జవాబివ్వబోతూ ఆగి, ఇటు చూసింది. ఆస్పత్రి వరండాలో ఫలితం కాగితం కోసం కిటికీకేసి అలాగే చూసేది ఆవిడ.

కష్టమట, గురువట. ఆ గురువు గొంతు కోసిపోయాడు. పక్కన కూర్చుని కథ చెప్పిందెవరు?

రేడియో మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నువ్వు షాపు మానకు."

హాలంతా గుసగుసలు. ఏమన్నాడు, ఎవర్నన్నాడు? జేబు నుంచి మూడు క్లిప్పులు తనే తీసి, వేయడానికి గ్లాసు లేక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఏజెంటు ఒక్క క్షణం తెల్లమొహం వేసి, వెంటనే తేరుకుని మైకు అందుకున్నాడు. జీవితమనే షాపు, దాన్ని మానకు, ఎంత లోతైన మాట, ఇదీ ఎదుగుదలంటే అన్నాడు. మూడు వందల మందీ చప్పట్లు కొట్టారు. కొందరు రాసుకున్నారు కూడా.

చప్పట్లు ఆగాక రెండో వరసలో భార్య లేచి నిలబడింది.

"నాకు వీపు ఆనించుకునే కుర్చీ కావాలి," అంది. ఆవిడ గొంతుకి మైకు అవసరం పడలేదు. "ఆ స్టూలు మీద నడుం పోతోంది. మీసం కథ నాకిష్టమొచ్చినప్పుడు చెబుతాను. దువ్వెనలు విరగ్గొట్టకూడదు. కాఫీ మీరే కలుపుకోండి, చక్కెర మీ ఇష్టం. ఏవండీ, ఏమన్నా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి."

రేడియో నోరు తెరిచాడు. అభ్యంతరాలు బోలెడున్నాయి. చేతిలో క్లిప్పులకేసి చూసుకుని మూసేశాడు. అక్క తల పట్టుకుంది, ఇంకో మనిషిని వెతుక్కోవాలి కదా మరి.

జనవరి మొదటి వారానికి వాష్ బేసిన్ పక్కకి వీపున్న కుర్చీ వచ్చింది. రేడియోకి మాటల రేషను ఎత్తేశారు. కష్టాల ఏడాది మనిషిని మార్చేసిందని ఏజెంటు అందరికీ చెప్పుకుంటుంటే, అది చూద్దామని పోస్టుమాస్టరు గడ్డానికి వచ్చాడు. కూర్చుంటూనే గడియారం మాట ఎత్తాడు. రేడియో వరదన్నాడు. అతను మరుసటి ఏడాదన్నాడు. ఇద్దరి గొంతులూ లేచాయి.

"రెండూ కాదు," అంది భార్య కుర్చీలోంచి. "అది మా పెళ్ళయిన ఏడాదే ఆగింది. వరదకి రెండేళ్ళ ముందు. నేను ఈ ఊళ్ళో బస్సు దిగి టైమెంతండీ అని ఈయన్ని అడిగితే, గడియారం ఆగిపోయిందని చెప్పడానికి అరగంట పట్టింది."

ఇద్దరూ ఆవిడకేసి తిరిగారు.

"మరి ఏడాదంతా నా తరఫున వరదనే వాదించావుగా?" అన్నాడు రేడియో.

"అది మీ మాట. మీ బదులు చెప్పాను. నా మాట ఎవరడిగారు?"

కష్టకాలం వల్ల ఎదిగిన మనిషైతే ఇక్కడ తల దించుకుని, నిజమే, ఇన్నాళ్ళూ నిన్ను అడగనే లేదు అనాలి. రేడియో పోస్టుమాస్టరుకేసి చూశాడు. పోస్టుమాస్టరు రేడియోకేసి చూశాడు. పదిహేనేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒక్క పక్షంలో చేరారు. అదెలా కుదురుతుందమ్మా అని ఆయన, నీకు గుర్తులేదు అని ఇతను, ఒకరి మాటకి ఒకరు తల ఊపుకుంటూ మొదలుపెట్టారు.

ఆవిడ వాదించలేదు. అర మీంచి గాజు గ్లాసు దింపింది. మొగుడి కోటు జేబుకి పది క్లిప్పులు తగిలించింది. పోస్టుమాస్టరు మెడ గుడ్డకి ఇంకో పది. కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి," అంది.